బడి తెరిచేనాడు ఏసురత్నం

మార్కాపురం నుంచి పెద్దదోర్నాల పోయే బస్సు దిగి, ఎడమచేతి వైపు బండ్లబాటలో నడిస్తే ఎర్రకుంటపాలెం వస్తుంది. ఆ ఊరి హైస్కూల్లో ఏసురత్నం అటెండరు. నేను అక్కడ టీచరుగా ఉన్న కాలమంతా అతన్ని చూశాను. నేను రాకముందు సంగతులు కొన్ని అతనే చెప్పాడు. కొన్ని హెడ్మాస్టరు ఉమామహేశ్వర్లు గారు చెప్పారు. మిగిలినవి ఊళ్లోవాళ్ల నోట విన్నాను.

అతను పుట్టింది ఆ ఊరి చివర క్రైస్తవుల పల్లెలో. తల్లీ తండ్రీ కూలికి పోయేవాళ్లు. మీసాలు రాకముందే మార్కాపురం దగ్గర పలకల గనిలో రాయి మోయడానికి చేరాడు. జ్ఞానమ్మతో పెళ్లయ్యాక కూడా అదే పని. ఒకరోజు రాయి జారి కుడికాలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ పాదం పక్కకు తిరిగిపోయింది. ఇక గనిలోకి దిగే పని లేదు. అదృష్టవశాత్తు ఆ ఏడే ఊళ్లో హైస్కూలు పెట్టారు. అతను చదివింది ఐదో తరగతే. అయినా గంట కొట్టడానికీ, గదులు ఊడవడానికీ మనిషి కావలసి వచ్చి, ఉమామహేశ్వర్లు గారు అతన్ని అడిగి మరీ పెట్టించుకున్నారు.

వేసవి సెలవుల్లో ఆ బడి మేకల పాలయ్యేది. చుట్టూ గోడ లేదు. వరండా నిండా మేకలు, గదుల్లో పిచ్చుకలు. తెరవడానికి ఇంకా వారం ఉందనగా ఏసురత్నం పని మొదలుపెట్టేవాడు. పెంటికలు ఎత్తి, నేల కడిగి, నల్లబల్లలకు బొగ్గూ ఆకుపసరూ కలిపి నూరి పూసేవాడు. ఆ మెట్టనేలలో మామిడాకులు ఎక్కడ దొరుకుతాయి? వేపమండలనే తాడుకు గుచ్చి వాకిలికి కట్టేవాడు. తెరిచేనాడు తెల్లచొక్కా తొడుక్కుని మెట్ల దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ పలకరించేవాడు.

"ఏంరా మాల్యాద్రీ, ఇంత పొడుగైనావు. మీ అమ్మ ఏం పెట్టింది నీకు?"

"మీ నాయనకు నడుం నెమ్మదించిందా పోలమ్మా?"

బదిలీ మీద వచ్చే కొత్త అయ్యవార్ల కోసం రోడ్డుదాకా నడిచి, వాళ్ల చేతిలో పెట్టె తను అందుకునేవాడు. ఎవరెవరు రాలేదో మధ్యాహ్నానికల్లా అతనికి తెలిసిపోయేది. సాయంత్రం కుంటుకుంటూ వాళ్ల ఇళ్లకు పోయేవాడు. గొర్ల వెంట పంపినామనో, కోతలకు కృష్ణ అవతలికి తీసకపోయినారనో వాళ్లు చెప్పేవాళ్లు. అతను వాదన పెట్టుకునేవాడు కాదు. "వచ్చినాక తోలీయండి" అని కాసేపు కూర్చుని లేచేవాడు. కొందరు తోలేవాళ్లు.

అతనికి ఒక్కతే బిడ్డ, ఎలీషబా. ఆమె తర్వాత పుట్టినవాళ్లు నిలవలేదు. ఆమె చదివింది కూడా ఆ బడిలోనే. తండ్రి గంట కొడితే కూతురు తరగతిలోకి పోయేది. తండ్రి గంట కొడితే ఇంటికి పోయేది. పల్లెలో పదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్ల ఆమె. మిషను వాళ్ల సాయంతో బాపట్ల వైపు టీచరు ట్రైనింగుకు పోయి, రెండేళ్లకు తిరిగి వచ్చింది.

అప్పటికి జిల్లా మారింది. కర్నూలు జిల్లాలో ఉన్న ఆ ఊళ్లన్నీ ఒంగోలు కిందికి వచ్చాయి. ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టి ఇంకా ఏడాది దాటలేదు. ఉద్యోగం పని మీద తండ్రీ కూతుళ్లు పొదిలి మీదుగా బస్సు మారి ఒంగోలు పోయారు. అంతకుముందు ఇద్దరూ ఆ ఊరు చూసి ఎరగరు. ఆ ప్రయాణం గురించి ఏసురత్నం నాకు చాలాసార్లు చెప్పాడు.

"ఆఫీసు యాడుందో నాకు తెలీదమ్మా. మా పాప ఎవురెవుర్నో అడుక్కుంట ముందు నడిచింది. నేను సంచీ పట్టుకోని ఎనక నడిచినా. అంత దర్జాగా నేనెప్పుడూ నడవలా."

మే నెలాఖరులో ఆర్డరు వచ్చింది. ఎలీషబాను ఎర్రకుంటపాలెం హైస్కూల్లోనే టీచరుగా వేశారు. బడి తెరిచే రోజు చేరాలి. ఉమామహేశ్వర్లు గారు ఆ మాట చెప్పగానే ఏసురత్నం వరండాలో గంట వైపు చూశాడట. తర్వాత, "ఆ రోజు గంట నేనే కొట్టాల గదా సార్" అన్నాడట.

ఆ రాత్రి ఇంట్లో జరిగిన మాటలు జ్ఞానమ్మ చాలా ఏళ్లకు నాకు చెప్పింది.

"బళ్లో నన్ను నాయనా అని పిలవమాక" అన్నాడట ఏసురత్నం కూతురితో. "రత్నం అని పిలువు. నువ్వు టీచరమ్మవు, నేను అటెండర్ని."

"నాయన్ని నాయనా అనక ఏమంటారు?"

"సార్లు ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. నేను నాయనా అనే పిలుస్తా. నువ్వు పలక్కపోతే ఇంకా గట్టిగా పిలుస్తా."

ముగ్గురూ నవ్వుకున్నారట. ఆ మర్నాడే అతను స్టాఫ్ రూములో మూలపడి ఉన్న విరిగిన కుర్చీ ఒకటి తీసి, వడ్లాయన దగ్గర కాలు వేయించి, తనే వార్నీషు పూశాడు. చేరేనాటికి కట్టుకోవడానికని తల్లీ కూతుళ్లు మార్కాపురం పోయి ఒక చీర తెచ్చుకున్నారు. ఆకుపచ్చ రంగు, సన్నటి అంచు. ఎలీషబా దాన్ని ఒక్కసారి భుజం మీద వేసి చూసుకుని మడిచి పెట్టెలో పెట్టింది.

ఆ ఏడు వానలు లేవు. అంతకుముందు ఏడూ అంతంతమాత్రమే. పల్లెవాళ్లు నీళ్లు తోడుకునే బావి ఎండిపోయింది. కుంటలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్లు ముంతలతో ఎత్తుకునేవాళ్లు. జూన్ మొదట్లో శాంతయ్య అనే ఆయన ఇంట్లో పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. తర్వాత వాళ్ల పక్కింట్లో. ఎలీషబా ఆ ఇళ్లకు పోయి గంజిలో ఉప్పు వేసి తాగించింది. శాంతయ్య పిల్లలు ఇద్దరూ బతికారు. వాళ్లలో ఒకామెకు ఇప్పుడు పిల్లలున్నారు.

ఒక పొద్దున ఎలీషబా లేవలేకపోయింది. మధ్యాహ్నానికి కళ్లు లోపలికి పోయాయి. ఏసురత్నం ఎద్దులబండి అడిగి తెచ్చి, ఆమెను పడుకోబెట్టి రోడ్డు మీదికి తెచ్చాడు. బస్సు రాలేదు. శ్రీశైలం నుంచి దిగివస్తున్న లారీ ఒకటి ఆగింది. మార్కాపురం ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. అక్కడ అలాంటివాళ్లు వరండా నిండా ఉన్నారు.

ఆమె నీళ్లు అడిగింది. ఇస్తే మళ్లీ వాంతి అవుతుందనీ, పెదవులు మాత్రం తడపమనీ నర్సు చెప్పింది. అప్పట్లో అందరికీ అలాగే చెప్పేవాళ్లు. అతను గుడ్డ తడిపి పెదవులకు అద్దుతూ కూర్చున్నాడు. "నాయనా, కొంచెం తాగుతా" అని ఆమె అంటూనే ఉంది. "డాక్టరు రానీమ్మా" అని అతను చెబుతూనే ఉన్నాడు. మర్నాడు ఎండ నడినెత్తి మీదికి వచ్చేసరికి ఆమె అడగడం మానేసింది. ఇంకాసేపటికి ప్రాణం పోయింది.

పల్లె వెనక రాళ్లనేలలో సమాధి తవ్వారు. జ్ఞానమ్మ ఆకుపచ్చ చీర తెచ్చి కూతురికి కట్టించింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే ఏసురత్నం అందరితో పాటు నిలబడి ఆమెన్ అన్నాడట. ఏడవలేదట.

చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఆ జబ్బు ఉండటంతో బళ్లు తెరవడం మూడు వారాలు వెనక్కి జరిపారు. ఉమామహేశ్వర్లు గారు పల్లెకు పోయి అతన్ని చూశారు. "రత్నం, నువ్వు ఈ నెలంతా రావద్దు. బడి తెరిచే పని మేం చూసుకుంటాం" అన్నారు.

"నేను ఇంట్లో ఉండి ఏం జేసేది సార్" అన్నాడు అతను. "మేకలు తోలాల గదా."

వచ్చాడు. ఎప్పటిలాగే ఊడ్చాడు, కడిగాడు, నల్లబల్లలకు నలుపు పూశాడు. ఒక పని మాత్రం కొత్తగా చేశాడు. చర్చిలో క్రిస్మస్ భోజనాలకు అన్నం వండే పెద్ద గుండిగ ఉంది. పాస్టరు గారిని అడిగి దాన్ని తలమీద పెట్టుకుని బడికి తెచ్చాడు. బడి వెనక మూడు రాళ్లు పాతి పొయ్యి చేశాడు. కంప కొట్టి తెచ్చి పేర్చాడు. బడి తెరిచే ముందురోజు సాయంత్రం గుండిగ నిండా నీళ్లు పోసి, తెర్లేదాకా కాగబెట్టి, చల్లారాక గుడ్డతో వడకట్టి కుండల్లో నింపాడు. ఏంది ఇదంతా అని ఉమామహేశ్వర్లు గారు అడగలేదు.

ఆ మర్నాడు పొద్దున ఎలీషబా పోస్టులో చేరడానికి వచ్చినదాన్ని నేను.

మాది దర్శి. మా నాన్న పుల్లారావుకు అక్కడ కిరాణా దుకాణం. నాకు ఇరవై రెండేళ్లు. ఒంగోలు ఆఫీసులో ఖాళీ ఉందనీ, వెంటనే చేరాలనీ చెప్పారు గానీ ఖాళీ ఎందుకు వచ్చిందో చెప్పలేదు. మా నాన్న నన్ను తీసుకుని మొదటి బస్సుకు బయలుదేరారు. రోడ్డు మీద దిగేసరికి తెల్లచొక్కా వేసుకున్న మనిషి ఒకతను వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. కుంటుతూ ఎదురొచ్చి నా చేతిలో ట్రంకుపెట్టె అందుకున్నాడు.

"కొత్త టీచరమ్మ గదా. రాండమ్మా. దోవ రాళ్లుంటాయి, చూసి నడవండి."

దారి పొడుగునా మా నాన్న అడుగుతూనే ఉన్నారు. ఊళ్లో అద్దెకు గది దొరుకుతుందా, ఆడపిల్ల ఒంటరిగా ఉండొచ్చా, పాములున్నాయా. అతను అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పాడు. "మా టీచరమ్మకు ఏ భయం లేదయ్యా. నేనుండా గదా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం నాకు కనపడలేదు. పెట్టె తలమీద పెట్టుకుని ముందు నడుస్తున్నాడు.

వరండాలో కూర్చున్నాక రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చాడు. మా నాన్న మరచెంబు చూపించి, "మా నీళ్లు మేం తెచ్చుకున్నాంలే" అన్నారు. ఆయన కాలం మనిషి ఆయన. ఏసురత్నం నొచ్చుకున్నట్టు కనిపించలేదు. నావైపు తిరిగి, "కాగబెట్టిన నీళ్లేనమ్మా. మంచియ్యే" అన్నాడు. నాకు దాహంగా ఉంది. తీసుకుని తాగాను. నీళ్లకు కొంచెం పొగవాసన ఉంది. నేను గ్లాసు కింద పెట్టేదాకా అతను కదలకుండా నిలబడి చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

పిల్లలు రావడం మొదలుపెట్టారు. అతను మెట్ల దగ్గరికి పోయాడు. ఆ ఏడు పలకరింపులు లేవట. వచ్చిన ప్రతి బిడ్డ చేతికీ నీళ్ల గ్లాసు ఇచ్చి, "తాగు. ఇంట్లో గూడా కాగబెట్టమని చెప్పు మీ అమ్మకు" అన్నాడు. పిల్లలు తాగి లోపలికి పోయారు. నేను మొదటిసారి చూస్తున్నాను కాబట్టి అక్కడ పద్ధతి అదేననుకున్నాను.

ఉమామహేశ్వర్లు గారు నన్ను స్టాఫ్ రూములోకి తీసుకుపోయి, వార్నీషు మెరుస్తున్న కుర్చీలో కూర్చోమన్నారు. నాకిచ్చినది ఆరో తరగతి. నా పేరు నాగమల్లేశ్వరి అని నల్లబల్ల మీద రాసి, పిల్లల పేర్లు అడుగుతున్నాను. ముందు వరసలో పోలమ్మ అనే పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, మీరు ఎలీషబక్క బదులు వచ్చినారా?"

"ఎలీషబక్క ఎవరు?"

ఆ పిల్లే చెప్పింది. "రత్నం మామ కూతురు. టీచరుగా రావాల్సింది. చచ్చిపోయింది."

కిటికీలోంచి చూస్తే అతను బడి వెనక పొయ్యి ముందు కూర్చుని కంప ఎగదోస్తున్నాడు.

సాయంత్రం మా నాన్న అద్దెగది చూడటానికి పోయినప్పుడు నేను అతని దగ్గరికి వెళ్లాను. "నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

"తెలిసుంటే మాత్రం రాకుండా ఉంటావామ్మా? ఉద్యోగం గదా" అన్నాడు. మళ్లీ తనే, "పిల్లకాయలకు టీచరు గావాల. నువ్వు రాకపోతే ఇంకోరు వస్తారు. నువ్వే వచ్చినావు, మంచిదే" అన్నాడు.

అక్కడివాళ్లంతా అతన్ని రత్నం అనే పిలిచేవాళ్లు. నాకు నోరు రాలేదు. కొన్నాళ్లు పేరు లేకుండా గడిపి, తర్వాత పెదనాయనా అన్నాను. మొదటిసారి అన్నప్పుడు అతను ఊడుస్తున్న చీపురు ఆపి నావైపు చూశాడు. వద్దనలేదు.

జ్ఞానమ్మ సంగతి అలా కాదు. ఆమె నన్ను చూడలేకపోయింది. దారిలో ఎదురైతే మొహం పక్కకు తిప్పుకునేది. ఆమె చూపులో కోపం లేదు. కళ్ల మీద ఎండపడితే తిప్పుకున్నట్టు తిప్పుకునేది. మరుసటి ఏడు బడి తెరిచేనాడు ఆవరణ బయట నిలబడి ఉంది. పిల్లలు లోపలికి పోవడం, అయ్యవార్లు రావడం చూస్తూ, చీరకొంగు భుజాన కప్పుకుని కదలకుండా ఉంది. నేను దగ్గరికి పోయి, "లోపలికి రా పెద్దమ్మా" అన్నాను.

"వద్దులేమ్మా. గంట కొట్టినాక పోతా."

గంట కొట్టారు. వెళ్లిపోయింది. అలా చాలా ఏళ్లు వచ్చింది. మా మధ్య మాట కలవడానికి నా పెళ్లయి, నాకు ఆడపిల్ల పుట్టేదాకా పట్టింది. మార్కాపురంలో కాపురం పెట్టి, రోజూ బస్సులో వచ్చిపోతున్నాను అప్పుడు. ఒకరోజు పిల్లను ఎత్తుకుని వస్తే ఆమె ఎదురొచ్చి చేతులు చాచింది. పిల్లను ఇచ్చాను. సాయంత్రందాకా ఆమే ఉంచుకుంది. ఆ తర్వాత ఎలీషబా గురించి చెప్పడం మొదలుపెట్టింది. చెప్పడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

ఏసురత్నం నీళ్లు కాగబెట్టడం మానలేదు. రోజూ బడి వదిలాక కంప కొట్టుకొచ్చేవాడు. కళ్లు పొగకు ఎర్రబడి ఉండేవి. ఆ బడి పిల్లల్లో ఒక్కరికీ మళ్లీ ఆ జబ్బు రాలేదు. కొత్తగా వచ్చిన అయ్యవార్లు మొదట్లో విసుక్కునేవాళ్లు, తర్వాత వాళ్లే గ్లాసు పట్టుకుని వచ్చేవాళ్లు.

తర్వాత కొన్నేళ్లకు ప్రభుత్వం బడి ఆవరణలో బోరు వేసి చేతిపంపు పెట్టింది. ఊరంతా సంబరపడి, ఇళ్లకు కూడా ఆ నీళ్లే మోసుకుపోయేవాళ్లు. ఎండాకాలంలో కూడా నీళ్లు. స్వచ్ఛంగా, చల్లగా. ఇక కాగబెట్టే పని లేదని అందరూ అన్నారు. ఏసురత్నం ఒప్పుకోలేదు. బోరు నీళ్లు కొట్టుకుని గుండిగలో పోసి కాగబెట్టేవాడు.

పంపు పెట్టిన నాలుగైదేళ్లకు, ఒక జూన్‌లో, బడి తెరిచేనాడు మెట్ల దగ్గర నిలబడి ఒక చిన్నపిల్లను పలకరించాడు. పలకరింపులు అప్పటికి మళ్లీ మొదలయ్యాయి, మునుపటంత కాకపోయినా. ఆ పిల్ల నవ్వింది. పళ్ల మీద గోధుమరంగు చారలు.

"ఏంది తల్లీ, పళ్లు తోముకోలేదా?"

"తోముకున్నా తాతా. పోవు."

అతను ఇంకో పిల్లవాణ్ని నోరు తెరవమన్నాడు. తర్వాత ఇంకొకణ్ని. ఆ రోజు గంట ఆలస్యంగా కొట్టాడు.

ఆ చలికాలంలో ఒక డాక్టరు బడికి వచ్చి పిల్లల్ని పరీక్ష చేశాడు. ఈ నేలలో లోతు నీళ్లల్లో ఒక రకం ఉప్పు ఉంటుందనీ, అది పళ్లను పాడుచేస్తుందనీ, పెద్దయ్యాక ఎముకలు కూడా బిగుసుకుపోతాయనీ మాకు వివరించాడు. ఏసురత్నం తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

"కాగబెడితే పోదా సార్?" అని అడిగాడు.

"పోదు. పురుగులు చస్తాయి. ఈ ఉప్పు పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకొంచెం చిక్కబడుతుంది."

"అంటే నేను కాగబెట్టినందుకు ఎక్కువైందా?"

డాక్టరు మంచివాడు. తల ఎత్తి అతని మొహం చూసి, "లేదు లేదు. నీవల్ల ఏమీ కాలేదు. అది నేలలోనే ఉంది" అన్నాడు. ఏసురత్నం తల ఊపాడు. బయటికి పోయి పొయ్యి ముందు కూర్చున్నాడు. సాయంత్రం నేను చూసేసరికి గుండిగ బోర్లించి ఉంది. మూడు రాళ్లూ పెరికి గోడవారకు దొర్లించి ఉన్నాయి.

"పెదనాయనా, నువ్వు చేసినదాంట్లో తప్పేముంది?" అన్నాను.

"తప్పని కాదమ్మా. ఇన్నేండ్లు నేను పిల్లోళ్లకు మంచినీళ్లు ఇస్తాండాననుకున్నా."

కూతురు పోయినప్పుడు ఏడవని మనిషి ఆ సాయంత్రం వరండా స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు. నేను పక్కన కూర్చున్నాను. పిల్లలందరూ వెళ్లిపోయారు. ఏడుపు ఆగాక లేచి, ఎప్పటిలాగే గదులకు తాళాలు వేశాడు.

కొండవైపు పొలాల్లో కాటమరాజు అనే రైతుకు ఒక పాత మోటబావి ఉంది. లోతు తక్కువ. దాని నీళ్లు తాగినవాళ్లకు పళ్లు బాగానే ఉన్నాయని డాక్టరే చెప్పాడు. ఏసురత్నం ఆ రైతును అడిగాడు. రైతు సరేనన్నాడు. మర్నాటి నుంచి కావిడి భుజాన వేసుకుని ఆ బావి నుంచి బడికి నీళ్లు మోయడం మొదలుపెట్టాడు. తెరిచి ఉన్న బావి నీళ్లు కాబట్టి రాళ్లు మళ్లీ పాతి, కాగబెట్టి మరీ ఇచ్చాడు. ఆ వంకర పాదంతో ఆ దూరం నడవడం చూడలేక పెద్ద తరగతుల పిల్లలు కావిడి అందుకుంటామని వచ్చేవాళ్లు. "మీరు చదువుకోండి" అని పంపేసేవాడు. వేసవిలో ఆ బావి అడుగంటేది. అప్పుడు బోరు నీళ్లే దిక్కు. ఆ నెలల్లో అతను ఎవరికీ గ్లాసు చేత్తో అందించేవాడు కాదు. కుండ పెట్టి పక్కకు పోయేవాడు.

రిటైరయ్యే నాటికి అతని నడుం బిగుసుకుపోయింది. కింద కూర్చుంటే లేవలేడు. మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగి చూసేవాడు. ఎన్ని మాత్రలు వాడినా తగ్గలేదు. అది నీళ్ల జబ్బేనని అతనికి తెలుసు. మాతో అనేవాడు కాదు.

అతను దిగిపోయిన ఏడే నాకు బదిలీ అయింది. చెప్పడానికి ఇంటికి పోయాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. "పోయే ఊళ్లో నీళ్లు ఎట్లుంటాయో కనుక్కో ముందు. పిల్లలుండారు నీకు" అన్నాడు. సరేనన్నాను. వీధిలోకి వచ్చేదాకా మనిషి మొత్తంగా నావైపు తిరిగి చూస్తూ ఉన్నాడు.

ఆ తర్వాత అతను రెండు వానాకాలాలు బతికాడు. పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన వారంలోనే వెళ్లాను. జ్ఞానమ్మ ఇంటి ముందు అరుగు మీద ఒక్కతే కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. చాలాసేపు ఇద్దరం గింజలు తీస్తూ కూర్చున్నాం. కూతురి పక్కనే పెట్టామనీ, రాళ్లనేల కదా, తవ్వేసరికి పొద్దు వాలిందనీ చెప్పింది.

"గిద్దలూరులో మీ అక్క కొడుకు ఉన్నాడు కదా పెద్దమ్మా, అక్కడికి పోరాదా?" అన్నాను. "ఒక్కదానివి ఎట్లా ఉంటావు?"

"రమ్మంటాండాడు. మొన్న బండి గూడా తెచ్చినాడు." చింతపండు పక్కన పెట్టి, పల్లె వెనక ఆ రాళ్లనేల వైపు చూసింది. "నేను పోతే ఈడ వాళ్లిద్దరే ఉంటారు గదమ్మా."

ఆమె గిద్దలూరు పోలేదు. ఆ ఇంట్లోనే ఇంకో నాలుగేళ్లు ఉండి, ఒక ఎండాకాలంలో పోయింది. శాంతయ్య కూతురు, ఎలీషబా గంజి తాగించి బతికించిన పిల్లల్లో పెద్దది, చివరి రోజుల్లో ఆమెను చూసుకుందని విన్నాను.